పెట్టెలో ఉన్నదే కాగితం మీద

"...క్యారియర్లో పెరుగన్నం గిన్నె కింద నాణేలు పెట్టుకుని బొంబాయి దాకా పోయొచ్చేవాడు వదినా అన్నయ్య! అన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క బిళ్ళ పోలేదు."

"పోలేదు. ఎందుకు పోతుంది? దారి పొడుగునా అన్నం ముట్టకుండా ఆ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. షోలాపూర్ దాటేసరికి పెరుగన్నం పులిసి, పక్కవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. అదీ మీ అన్నయ్య చేసిన బందోబస్తు."

"ఆ కంపుకేగా ఎవడూ దాని జోలికి రాలేదు!"

"అయితే ఇప్పుడు నువ్వు పులియబెడతావా?"

"నవ్వులాట కాదు వదినా. నాకు రైల్వే పాసుంది. మీరు ఊఁ అంటే రేపే ఎక్కుతాను. ఆ బంగారమంతా కాగితాల మీద రాసి, ఊరందరికీ చెప్పి పంపడమేమిటి?"

బయట మెట్లు ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది. విశాలాక్షి లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది.

"బంగారం అన్న మాట కొంచెం మెల్లిగా అను ప్రభాకర్," అంది. "అనకుండా ఉంటే ఇంకా మంచిది."

విశాలాక్షికి అరవై రెండేళ్లు. సొంతూరు రేపల్లె దగ్గర. పెళ్లయి హైదరాబాదు వచ్చాక పరీక్ష రాసి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం సంపాదించుకుంది. రిటైరయ్యే దాకా అక్కడే పనిచేసింది. పుస్తకం తిరిగిచ్చిన కుర్రాళ్లని కౌంటరు దగ్గర నిలబెట్టి, పేజీలన్నీ తిప్పి చూసుకుంటే గాని కార్డు మీద ముద్ర వేసేది కాదు. వాళ్లు ఆమెకి 'చెకింగ్ మేడం' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పేరు బాగానే ఉందనుకుంది.

భర్త రత్నాకరరావు అదే యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేశాడు. పిల్లలు లేరు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం పాత నాణేలు. జీతం రాగానే ముందు నాణేల మనిషి దగ్గరకీ, తర్వాత కిరాణా కొట్టుకీ వెళ్లేవాడు. ఆ వరస మార్చడానికి ఆమెకి పదేళ్లు పట్టింది. కిందటేడు శ్రావణంలో ఆయన పోయాడు. తార్నాకలోని ఈ ఫ్లాటూ, పెన్షనూ, పడకగదిలో ఒక ఇనుప బీరువా మిగిలాయి.

అప్పటి నుంచి ఆమె ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి ఉండలేదు. చెల్లెలి కూతురి పెళ్లికి పొద్దున బయల్దేరి, తాళి కట్టడం చూసి, భోజనం చేయకుండా తిరిగి వచ్చేసింది. బ్యాంకులో లాకరు అడిగితే ఖాళీ అయినప్పుడు చెప్తామన్నారు. నాణేలు దాచిన మనిషి పోయాడు, ఇప్పుడు వాటికి తను కాపలా. ఇలా ఎంతకాలం?

అందుకే ముంబైలో పేరున్న ఒక వేలం సంస్థకి ఫోటోలు పంపింది. వాళ్లు సరేనన్నారు. అంతటితో ఆగకుండా, నాణేలన్నిటినీ ఒకచోట చేర్చి కేటలాగులో 'రత్నాకరరావు సంగ్రహం' అని విడిగా శీర్షిక వేస్తామన్నారు. పుస్తకం అట్ట మీద రాజరాజు కాలపు చాళుక్య నాణెం ఉంటుందన్నారు. నడుమ వరాహం బొమ్మ, చుట్టూ అక్షరాలు ఉన్న పలచని బంగారు బిళ్ళ అది. దాని గురించి రత్నాకరరావు తన చేతి డబ్బుతో ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు.

నాణేలు వెళ్లిపోతే వెళ్లిపోనీ. ఆయన పేరు అచ్చులో ఉంటే చాలు. ఆమె కోరినదల్లా అదే. అవి భద్రంగా చేరితేనే ఆ శీర్షిక.

ముందు వీధి చివర కొరియర్ ఆఫీసుకి వెళ్లింది.

"కాయిన్సా? తీస్కోమమ్మా," అన్నాడు కౌంటర్లో ఉన్నాయన. "క్యాష్, గోల్డ్, కాయిన్స్, ఇవేవీ మా రూల్స్‌ల లేవు." తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గిఫ్ట్ ఆర్టికల్ అని రాయండి, అయిపోతది. అందరు గట్లనే రాస్తరు."

"రాస్తాను. దారిలో పోతే?"

"పోదమ్మా."

"పోతే?"

"పోతే ఏముంది, గిఫ్ట్ ఆర్టికల్‌కి ఎంతిస్తరో గంత ఇస్తరు."

"ఇచ్చేదాని సంగతి వదిలెయ్యి. పాత బంగారు నాణేలు పోయాయని నేను పోలీసుల దగ్గరికి వెళ్తే, గిఫ్ట్ అని సంతకం పెట్టింది మీరే కదా అంటారా, అనరా?"

"అంటరు," అని ఒప్పుకున్నాడు. "మీరు లాయరా అమ్మా?"

"లైబ్రరీ," అని చెప్పి విశాలాక్షి బయటికి వచ్చింది.

ఆ సాయంత్రమే ప్రభాకరరావుకి ఫోనులో చెప్పింది. "పైన ఏమీ రాయకూడదు. దారిలో చూసేవాళ్లకి అది వట్టి పెట్టె. కానీ లోపలి కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. అబద్ధం రాశామనుకో, అవి పోయిన రోజున అలాంటివి మన దగ్గర ఉండేవని చెప్పడానికి కూడా మనకి నోరుండదు."

"మీతో వాదించి గెలిచినవాడెవడు వదినా," అన్నాడు ప్రభాకరరావు. మౌలాలిలో సొంతిల్లు కట్టుకున్న రిటైర్డ్ రైల్వే గార్డు ఆయన. ఎర్ర జెండా, పచ్చ జెండా తప్ప మూడోది నమ్మడు.

విశాలాక్షి మొదట వెండి నాణేలతో దారి చూడాలనుకుంది. పోస్టాఫీసులో పార్సిలుకి ఇన్సూరెన్సు ఉంటుందని ఆమెకి తెలుసు. ఒక్కో నాణేన్ని ఒక్కో మెత్తని తొడుగులో పెట్టింది. రెండు అట్టముక్కల మధ్య కదలకుండా బిగించింది. ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి, చుట్టూ కాగితం కూరి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. గలగలమన్న చప్పుడు రాకూడదు. ఆ చప్పుడే దొంగకి పిలుపు చీటీ. పైన గుడ్డ కుట్టి, అతుకుల మీద లక్క కరిగించి పోసింది. ముద్ర వేయడానికి ఏం దొరుకుతుందా అని చూసి, పర్సులోని రూపాయి బిళ్ళ తీసి అద్దింది. నాణేల పార్సిలు మీద నాణెం ముద్ర. ముచ్చటగా ఉందనుకుంది.

సీతాఫల్‌మండి పోస్టాఫీసులో గుమాస్తా ఆ పార్సిలుని అటు తిప్పి, ఇటు తిప్పి, నవ్వింది.

"ఏందమ్మా, రూపాయితోని ముద్రేసిన్రా?"

"ఎందుకని? వేయకూడదా?"

"రూపాయి నా సంచిలున్నది, బయట చాయ్ అమ్మేటోని గల్లాపెట్టెలున్నది. దొంగోడు విప్పి, తీస్కునేది తీస్కుని, మళ్ల గదే రూపాయితోని ముద్రేస్తే నాకెట్ల ఎరుక? మీ ఒక్కరి దగ్గర్నే ఉండేది తీస్కరండి."

జీవితమంతా లైబ్రరీ ముద్ర చేత్తో పట్టుకున్న తనకి ఆ మాత్రం తట్టలేదే అని విశాలాక్షి మొహం ఎర్రబడింది. ఇంటికి వచ్చి వెతికితే పుట్టింటి వాళ్లు పెట్టిన ఇత్తడి కుంకుమ భరిణె దొరికింది. దాని మూత మీద మెడ దగ్గర నొక్కుపడిన నెమలి ఉంది. ఆ నొక్కు ఇంకో నెమలికి ఉండదు. పాత లక్క గీకి, కొత్తది పోసి, నెమలిని అద్దింది. మర్నాడు పార్సిలు తీసుకున్నారు. వారం తిరక్కుండా ముద్రలు చెదరకుండా ముంబై చేరిందని ఫోన్ వచ్చింది.

కానీ బంగారానికి ఆ దారి చాలలేదు. పోస్టాఫీసు ఇన్సూరెన్సుకి ఒక హద్దు ఉంది. చాళుక్య నాణెం ఒక్కటే ఆ హద్దుని ఎప్పుడో దాటేసింది.

అప్పుడు, ప్రభాకరరావు కూడా ఇంట్లో ఉన్న రోజున, తేజస్వి వచ్చింది. వేలం సంస్థ తరఫున హైదరాబాదులో పనిచూసే కడప పిల్ల.

"ఆంటీ, నగల షాపుల సరుకు మోసే బండి ఉండాది. తుపాకీ మనిషి కూడా ఉంటాడు. మీ గుమ్మం కాడ తీసుకుని ముంబైలో మా గుమ్మం కాడ దించుతారు. దారిలో ఏం జరిగినా పూర్తి విలువ ఇన్సూరెన్స్ వాళ్లు కట్టాల. కానీ ఒకటే మాట. ఒక్కో నాణేన్ని చేత్తో పట్టుకుని చూసి, ఇది ఫలానాది, విలువ ఇంత అని నిపుణుడెవరైనా రాసి సంతకం పెట్టాల. కింద మీరు పెట్టాల."

"ఎవరా నిపుణులు?"

"హైదరాబాదులో ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకునేది ఇద్దర్నే. ఒకాయన సికింద్రాబాద్‌లో షాపు పెట్టుకున్నాడు. ఇంకొకాయన మీ క్యాంపస్‌లోనే, సోమయాజులు గారు."

ప్రభాకరరావు కుర్చీలోంచి లేచాడు. "ఆయన గుమ్మం మనం తొక్కం. షాపాయన దగ్గరికే పోదాం. నేను కనుక్కున్నాను, ఫోటో చూసి సంతకం పెట్టేస్తాడట."

"చేత్తో పట్టుకుని చూడాలని ఈ అమ్మాయి ఇప్పుడే చెప్పింది," అంది విశాలాక్షి.

సోమయాజులు పురాతన చరిత్ర శాఖలో ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాడు. చాలా ఏళ్ల కిందట క్యాంపస్‌లో నాణేల సంఘం సమావేశంలో రత్నాకరరావు చాళుక్య నాణేన్ని గర్వంగా చూపిస్తే, ఆయన దాన్ని భూతద్దంలో చూసి, "ఇది పోతపోసిన నకలేమో రత్నాకరరావు గారూ" అన్నాడు, అందరి ముందూ. రత్నాకరరావు ఆ తర్వాత ఆ సంఘం మెట్లెక్కలేదు. సోమయాజులు పేరు ఇంట్లో వినిపిస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

మర్నాడు పొద్దున విశాలాక్షి క్యాంపస్‌కి నడిచి వెళ్లింది. చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు అప్పటికే జిరాక్సు కట్టలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్లని చూస్తే ఆమె చేతులు ఇప్పటికీ ఊరుకోవు. ఒకడి ఒళ్ళోని పుస్తకం మీద లైబ్రరీ ముద్ర కనపడగానే, "పేజీ మడవకు బాబూ" అని ముందుకు సాగింది.

శాఖలో మూలగది ఒకటి సోమయాజులుకి వదిలేశారు. ఆయన రోజూ వచ్చి కూర్చుంటాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండమ్మా. రత్నాకరరావు గారి సంగతి తెలిసింది. వద్దామనుకున్నాను. వస్తే బాగుంటుందో ఉండదో తెలియక ఆగిపోయాను."

ఆమె వచ్చిన పని చెప్పింది.

"ఆ ఇంటికి నేనా?"

"ఆయన లేరండీ. నాణేలున్నాయి. వాటికి మీ మీద కోపం లేదు."

సోమయాజులు నవ్వాడు. "ఉన్నది ఉన్నట్టే రాస్తానమ్మా. మొహమాటానికి రాయను."

"మొహమాటపడేవాళ్లు కావాలంటే సికింద్రాబాద్‌లో ఉన్నారట," అంది విశాలాక్షి.

ఆయన మర్నాడే వచ్చాడు. నాణెం చేయి జారినా దెబ్బ తగలకుండా ఆమె భోజనాల బల్ల మీద దుప్పటి మడిచి పరిచింది. సోమయాజులు విజయనగరం వరహాలని ఒక్కొక్కటే అంచులతో పట్టుకుని చూశాడు, తూచాడు, రాశాడు. మధ్యమధ్య తనలో తనే, "అబ్బ, ఎక్కడ పట్టాడయ్యా ఇది!" అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా విశాలాక్షి వంటింటి వైపు తిరిగి కూర్చుంది.

చివరికి చాళుక్య నాణెం మిగిలింది. దాన్ని ఆయన ముట్టుకోలేదు.

"దీని గురించి నేను చెప్పాల్సింది ఆనాడే చెప్పానమ్మా."

"ఆయనకి చెప్పారు. నాకు చెప్పలేదు."

సోమయాజులు భూతద్దం ఆమె చేతికిచ్చాడు. "చుట్టూ అక్షరాలున్నాయి చూడండి. ఆ కాలంలో ఒక్కో అక్షరానికి ఒక్కో ముద్ర ఉండేది. సుత్తితో కొట్టేవారు. రేకు ఇంత పలచన. పైన అంత దెబ్బ పడితే వెనక ఏమవుతుంది?"

లైబ్రరీలో పుస్తకం మొదటి పేజీ మీద ఒత్తుడు ముద్ర వేస్తే పేజీ వెనక అక్షరాలు ఉబ్బి తగిలేవి. ఆ గరుకు ఆమె వేళ్లకి ఇంకా తెలుసు.

"ఉబ్బుతుంది," అంది.

"తిప్పి చూడండి."

తిప్పింది. వెనక వైపు నున్నగా ఉంది. ఎక్కడా ఉబ్బు లేదు. భూతద్దంలో సూదిమొనంత చిన్న చిన్న గుంటలు కనిపించాయి, దోసె మీద పడినట్టు.

"కరిగించి పోసినప్పుడు గాలి బుడగలు అలా మిగిలిపోతాయి," అన్నాడు సోమయాజులు మెల్లిగా. "బంగారం మంచిదే. నాణెం కాదు."

"ఆయనకి తెలుసా?"

"నాకేం తెలుసమ్మా. ఆ రోజు నేను అనగానే ఆయన దాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుని జేబులో పెట్టుకున్నారు. అంతవరకే నేను చూసింది."

గుర్తు చేసుకుంటే, ఆ తర్వాత ఆయన దాన్ని ఏ ప్రదర్శనకీ తీసుకెళ్లలేదు. టిఫిన్ క్యారియర్లో వరహాలు వెళ్లేవి. ఇది బీరువాలోనే ఉండేది. భద్రం కోసమని ఆమె అనుకుంది.

"ఒక మాట చెప్తాను," అన్నాడు సోమయాజులు. "దీన్ని ఇంట్లోనే ఉంచుకోండి. కుటుంబం గుర్తుగా అట్టేపెట్టుకున్నామని ముంబై వాళ్లకి చెప్పండి. వాళ్లేమీ అనుకోరు. అట్ట మీద బొమ్మ మారుతుంది, ఆయన పేరు మాత్రం ఉంటుంది. నేను దీన్ని చూడలేదు, రాయలేదు."

అది మంచి దారి. ఆ మాట చెప్పింది ఎవరో గుర్తొచ్చి ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది.

"దీనిది వేరే కాగితం మీద రాసివ్వండి," అంది. "ఇస్తానో చించేస్తానో నేను చూసుకుంటాను."

సాయంత్రం ప్రభాకరరావు ఆమె చెప్పిందంతా విని, ఆ కాగితం చదివి బల్ల మీద పడేశాడు.

"చచ్చినా వదల్లేదన్నమాట అన్నయ్యని! షాపాయన చేత పెద్ద విలువే రాయించి పంపేద్దాం వదినా."

"ముంబైలో వాళ్లకి కళ్లుండవా? లేక దారిలోనే పోవాలని దణ్ణం పెట్టుకోమంటావా?"

ప్రభాకరరావు పడేసిన కాగితం మళ్లీ అందుకున్నాడు. "అయితే ఆయన చెప్పినట్టు ఇంట్లోనే ఉంచండి. దానివల్ల ఎవడికి నష్టం?"

"నా తర్వాత ఇది ఎవరికి వస్తుంది?"

"నాకే కదా."

"నీ తర్వాత మీ అబ్బాయి సాయితేజకి. వాడు అమ్మాలనుకున్నప్పుడు ఏమని చెప్తాడు?"

"పెదనాన్న పుస్తకంలో ఉన్నదే చెప్తాడు."

"కొనేవాడు నమ్ముతాడా?"

"నమ్మకేం? అన్నయ్య పేరు చూస్తే ఎవడైనా..." ప్రభాకరరావు మాట మధ్యలో ఆగిపోయాడు. చేతి గడియారం పట్టీ సవరించుకుని, లేస్తూ అన్నాడు, "ఆ శీర్షిక కోసమే కదా వదినా ఇంత తిరిగారు మీరు."

"అవును," అంది విశాలాక్షి. "నువ్వు రేపు పొద్దున్నే రా. బండి వస్తుంది."

పొద్దున బండి వచ్చి అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగింది. తుపాకీ మనిషి గుమ్మం బయట నిలబడ్డాడు. తేజస్వి బల్ల దగ్గర కాగితాలు పరిచింది. ప్రభాకరరావు గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు, జెండా ఎత్తాల్సిన వాడిలా బిగుసుకుపోయి. విశాలాక్షి ఒక్కో వరహానీ తొడుగులో పెట్టి, పేరు చదివి, అట్టల మధ్య సర్దింది. తేజస్వి ఒక్కోదానికీ ఫోటో తీసి, టిక్కు పెట్టింది. వరహాలన్నీ అయిపోయాయి. పెట్టెలో ఒక గడి ఖాళీగా ఉంది.

"చాళుక్యది ఏం రాయమంటారు ఆంటీ? సోమయాజులు గారి జాబితాలో అది లేదే."

"నకలు అయితే మీ వాళ్లు తీసుకుంటారా?"

తేజస్వి కలం ఆపింది. ప్రభాకరరావు వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూసింది.

"అమ్మరు ఆంటీ. తీసుకుని, ఫలానా పుస్తకంలో అచ్చయినది నకలని అందరికీ తెలిసేలా కేటలాగు చివర వేస్తారు. వేసి వెనక్కి పంపుతారు. కానీ ఒక్క నకలు ఉండాదని తేలినా మనిషి పేరుతో శీర్షిక వేయరు. వరహాలన్నీ వేరేవాళ్ల వాటితో కలిసిపోతాయి." గొంతు తగ్గించింది. "మీరు దాన్ని ఇంట్లో పెట్టుకున్నారంటే మాత్రం నేనేమీ అడగను. అట్లనే రాసేదా?"

విశాలాక్షి చాళుక్య నాణేన్ని తొడుగులో పెట్టి, ఖాళీ గడిలో సర్దింది. సోమయాజులు రాసిచ్చిన కాగితం తెచ్చి తేజస్వి ముందు పెట్టింది.

"ఇది కూడా వెళ్తుంది," అంది. "పోతపోసిన నకలు అని రాయి. విలువ దగ్గర అందులో ఉన్న బంగారం ధర మాత్రమే వేసుకో. శీర్షిక తీసేయమని మీ వాళ్లకి నేనే ఫోన్ చేసి చెప్తాను."